పత్రమునకు లక్షణము

(సంఘ వార్షికోత్సవమున చేసిన ప్రసంగము)



నేను బి.ఏ. పట్టముతో ఉద్యోగమున చేరినవాడను, యంత్రశాస్త్రము నెరుగను. అయినను ఛందస్సుతో కొంత పరిచయముండుటచే నేటి విషయము నాకు బోధపడినది.

కంప్యూటరులు పరస్పరము పంపుకొను పత్రములకు 1998లో ఎక్స్.ఎమ్.ఎల్. అను రూపమేర్పడినది. అందు ప్రతి అంశమునకును ఆదియందొక గుర్తు, అంతమందొక గుర్తు ఉండవలెను. అవి సరిపోయిన పత్రము సుఘటితము. కాని వ్యాకరణశుద్ధమైన వాక్యమెల్ల పద్యము కాదు గదా! ఏ అంశము ఎచట, ఎన్నిమారులు రావలెనో శాసించు లక్షణమే స్కీమా. పత్రమును దానితో సరిచూచుటయే పరీక్ష.

తొలి లక్షణమైన డి.టి.డి. అంశముల వరుసను చూచునే గాని, వానిలోనిది తేదీయో సంఖ్యయో విచారింపదు. ఈ లోపమెంతటిదో వినుడు. నా మిత్రుడొకరి పత్రమున జన్మతేదీ ‘05-07-1964’ అని యుండెను. అది జూలై 5వ తేదీయా, మే 7వ తేదీయా? అరువదేండ్లకు విరమణ గనుక, 2024 మే నెలాఖరునకా, జూలై నెలాఖరునకా? రెండు నెలల జీతము ఆ సందేహమున చిక్కుకొన్నది. పాపమాయన కాగితములు చేతబట్టుకొని ఎన్ని గదులు తిరిగెనో!

2001లో వెలువడిన ఎక్స్.ఎమ్.ఎల్. స్కీమా 44 జాతులను ముందుగనే నిర్వచించినది. అందు తేదీజాతికి సంవత్సరము, మాసము, దినము అను వరుస తప్పరాదు. ‘1964-07-05’ చెల్లును, పైవిధమున వ్రాసినది చెల్లదు, ఫిబ్రవరి 30 అసలే చెల్లదు. ఉద్యోగప్రవేశము జన్మతేదీకి పిదపనే యుండవలెనను పరస్పర నియమమును మాత్రము ఆ స్కీమా చెప్పజాలదు. అట్టివానికి 1999లో పుట్టిన స్కీమట్రాన్ కలదు. 2012లో వచ్చిన 1.1 కూర్పున స్కీమాకును ఆ శక్తి అబ్బినది.

అయితే లక్షణకర్తయు పొరపడవచ్చును. కుటుంబనామము తప్పనిసరి యని వ్రాసినచో, ఇంటిపేరే లేని మన తమిళ మిత్రుల గతి యేమి? అచట తప్పు మనుష్యునిది కాదు, లక్షణముది. ఆ అంశము ఐచ్ఛికమని ఒక్క మాట చేర్చిన చాలును.

మరియొక మాట. యతిప్రాసలు కుదిరిన పద్యమునను అసత్యముండవచ్చును. 1946కు మారుగా 1964 అని పడినను యంత్రము చెల్లుననియే చెప్పును. అది రూపమును పరీక్షించును; సత్యమును మూలపత్రముతో పోల్చి చూడవలసినవారము మనమే. సంతకమునకు ముందు ఆ ఒక్క నిమిషమును మానవలదని నా విన్నపము.

సెలవు.