చెరువు ఖాతాలో ఆకాశపు జమ

 

లెక్కలు వ్రాయుట నా వృత్తి. పురాణపఠనము ఈ గ్రంథాలయము నాకు పెట్టిన భిక్ష. ఈ రెంటి బలముతో మన చెరువును గూర్చి నాలుగు మాటలు మనవి చేసెదను.

చెరువును చెఱచున దేదియని యడిగినచో, మురుగుకాలువ యని పిల్లలైనను చెప్పుదురు. అది నిజము. గాజులరామారము చెరువులకును, జీడిమెట్ల ఫాక్స్ సాగరమునకును పెద్ద కీడు కాలువలనుండియే వచ్చినది. కాని ఆకాశమునుండి దిగు జమ మఱియొకటి కలదు. దానికెవరును పద్దు వ్రాయరు.

గాలిలో నూటికి 78 పాళ్లు నత్రజని. ఊరకున్నంతవఱకు అది నిరపాయము. వాహనముల యంత్రములలోను, బాయిలర్ల మంటలోను మిక్కిలి కాగినప్పుడు ప్రాణవాయువుతో గూడి వేఱు రూపము దాల్చును. 1909లో హేబర్ పండితుడు గాలిలోని నత్రజనినుండి అమోనియా చేయు విధము చూపెను. 1913లో జర్మనీలో దాని కర్మాగారము వెలసెను. ఆ విద్యవలననే యూరియా. యూరియావలననే మన కంచములలో ఇంత అన్నము. కాని పొలమున చల్లిన యూరియాలో కొంత, పశువుల మూత్రములో కొంత అమోనియా వాయువై లేచును. ఇవన్నియు వానతోను ధూళితోను మరల నీటిలో పడును.

పడినచో నీటికి ఎరువు వేసినట్లే. నాచు బలియును, అది చచ్చి క్రుళ్లునప్పుడు నీటిలోని ప్రాణవాయువు హరించును, చేపలు చచ్చి తేలును. మురుగు సోకని కొలరాడో కొండల సరస్సులు, నార్వే, స్వీడన్ దేశముల సరస్సులు సైతము ఈ నత్రజనిచే స్వభావము మార్చుకొన్నవని 2009లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. సున్నము లేని రాతినేలలందలి సరస్సులు ఆమ్లమగుటయు కలదు. అందుచేతనే 1999లో ఐరోపా దేశములు గోథెన్‌బర్గ్ ఒడంబడిక చేసికొనెను.

మన చెరువులు అంత సుకుమారములు కావు. మురుగు వానిని ఇదివఱకే మొద్దుబార్చినది. అయితే రేపు కాలువలను మళ్లించి నీటిని శుద్ధిచేసినను ఆకాశపు జమ నిలువదు. అప్పుడు లెక్క ఎచ్చట తప్పినదని వెదకికొనవలసివచ్చును.

కావున నా విన్నపము: కట్టపై చెత్త కాల్చుట మానుదము. యూరియా మితముగ వేయుదము. ఈ గ్రంథాలయమున వాననీటిని శుభ్రమైన పాత్రలో పట్టి, పరీక్ష చేయించి, ఏటేట ఒక పుస్తకమున వ్రాయుదము.

భారతమున నకులాదులు యక్షుని ప్రశ్నకు బదులీయక నీరు త్రాగి కూలిరి. ధర్మరాజు బదులిచ్చి తమ్ములను బ్రతికించుకొనెను. మన చెరువును నేడు ప్రశ్న వేయుచున్నది. లెక్క చూచి బదులు చెప్పుదము.