మనుమలు వచ్చే వేళ - పడకల ఏర్పాటు

(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సభలో ఏటా చదువుల గురించి, స్కాలర్‌షిప్పుల గురించి, పేదింటి పెళ్ళిళ్ళ గురించి పెద్దలు మాట్లాడుతూ వస్తున్నారు. ఈసారి ఉర్దూ మాధ్యమం బడుల గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు మమ్మల్ని అడిగారు. బడి సంగతి బడిలో రోజూ చెబుతూనే ఉన్నాము. ఈ రోజుకు ఇంటి సంగతి ఒకటి చెప్పుకుంటామని వారిని ఒప్పించి ఇక్కడ నిలబడ్డాము. వేసవి సెలవుల్లో కూతుళ్ళు పిల్లలతో పుట్టింటికి వస్తే, చిన్న ఇంట్లో ఆ పిల్లల్ని ఎక్కడ పడుకోబెట్టాలి? ఇదీ విషయం. కొందరు నవ్వుతున్నారు. నవ్వండి, ఫరవాలేదు. ఈ ఇబ్బంది లేనివాళ్ళు చేతులెత్తండి అంటే మాత్రం ఎన్ని చేతులు లేస్తాయో మాకు అనుమానమే.

మా ఇల్లు విజయనగరంలో ఒక సందులో ఉంది. పదడుగుల గదులు రెండు, ముందు సన్నటి వసారా, వెనక వంటిల్లు. ఉండేది ఐదుగురం: అమ్మీ, మేమిద్దరం, మా ఇద్దరు పిల్లలు. మా ఆపాను ఖరగ్‌పూర్ ఇచ్చాము. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల నుంచీ మన జిల్లాలవాళ్ళు రైలు పనులకు అక్కడికి వెళ్ళి స్థిరపడ్డారన్నది మీకు తెలిసిందే. చెల్లెల్ని పలాస-కాశీబుగ్గలో ఇచ్చాము. ఒక్కొక్కరికి ముగ్గురేసి పిల్లలు. మే నెల వచ్చిందంటే ఆ ఆరుగురికీ నానీ ఇల్లే గుర్తుకొస్తుంది.

మా చిన్నతనంలో ఇదొక సమస్య అని ఎవరూ అనుకోలేదు. పెరడు ఉండేది. సాయంత్రం నీళ్ళు చల్లి, నులక మంచాలు వరసగా వేసేవారు. మన శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో అప్పట్లో గోగు పంటకు లోటు ఉండేది కాదు కదా. గోగునారతో పేనిన నులక సంతలో దొరికేది. మంచం వదులైతే కాళ్ళవైపు తాడు లాగి బిగించుకునేవాళ్ళం. ఒక్కో మంచం మీద ఇద్దరేసి పిల్లలు, ఒకరి తల ఇటు, ఇంకొకరి తల అటు. మిగిలినవాళ్ళకు ఈతాకు చాప, దాని మీద పాత చీరలు నాలుగైదు మడతలు పెట్టి కుట్టిన బొంత. ఎండలు ముదరక ముందే దూదేకుల సాయిబు విల్లు భుజాన వేసుకుని వీధిలోకి వచ్చేవాడు. ఏడాదంతా తొక్కిడిపడి రాయిలా అయిన పరుపు విప్పి, ఆ దూదిని వింటి తాడుతో ఏకుతుంటే 'తుంయ్ తుంయ్'మని సందంతా వినిపించేది. సాయంత్రానికి పరుపు పొంగిన పూరీలా తయారయ్యేది. ఆ చప్పుడు వింటే చాలు, మనుమలు వస్తున్నారని వీధివాళ్ళు అనుకునేవారు.

ఇప్పుడు పెరటిలో వాటాలు పడ్డాయి. దూదిపరుపు పోయి స్పాంజి పరుపు వచ్చింది. ఏకడం అక్కర్లేదు కనుక ఏకేవాడూ రావడం లేదు. పెళ్ళిలో ఇచ్చిన డబుల్‌కాట్ ఒకటి, ఆరున్నర అడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పు, గదిలో మూడోవంతు తినేసి కూర్చుంది. దాన్ని మడవలేము, నిలబెట్టలేము, గుమ్మంలోంచి బయటికి తీయలేము. పక్కన బీరువా. ఇంక మనిషి ఎక్కడ పడుకోవాలి?

ఇప్పుడు మా తప్పు ఒకటి మీ ముందు చెప్పుకోవాలి. 2018 మే నెలలో ఆపా ముగ్గురు పిల్లలతో వచ్చింది. ఇంట్లో తొమ్మిదిమంది అయ్యాము. అదే వారంలో కాశీబుగ్గ నుంచి చెల్లెలు ఫోను చేసి, "భాయ్‌జాన్, మేమూ వచ్చేస్తాం, పిల్లలంతా ఒకచోట ఉంటారు" అంది. మేము ఆలోచించకుండా, "జాగా లేదమ్మా. ఆపా వాళ్ళు వెళ్ళాక రా. నీకేం, దగ్గరేగా, రెండు మూడు గంటల రైలు" అన్నాము. సరేనంది. ఆపా వెళ్ళేసరికి బడులు తెరిచే రోజులొచ్చాయి. చెల్లెలు రాలేదు.

అమ్మీకి ఈ సంగతి తర్వాత తెలిసింది. కోప్పడలేదు. తస్బీ పక్కన పెట్టి ఒక్క మాట అంది: "మంచం లేదని చెప్పాల్సింది రా. మంచమైతే పక్కింట్లో అడిగి తెచ్చుకుంటాం. జాగా లేదన్నావు. జాగా ఎవర్ని అడిగి తెస్తాం?"

మాటకు మాట చెప్పడం మా వృత్తి. ఆ రోజు జవాబు దొరకలేదు.

అదే ఏడాది అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరితోటలు, జీడితోటలు ఎలా నేలకూలాయో మీలో చాలామంది కళ్ళారా చూశారు. చెల్లెలి ఇంటి కప్పు రేకులు ఎగిరిపోయాయి. కరెంటు లేదు, నీళ్ళు లేవు. చెట్లు పడి దారులు మూసుకుపోయాయి. నాలుగో రోజున చెల్లెలు, అల్లుడుగారు, వాళ్ళమ్మగారు, ముగ్గురు పిల్లలు తడిసిన మూటలతో మా గుమ్మంలో దిగారు. పెద్దవాళ్ళు లోపలికి వచ్చేశారు. ఆరేళ్ళ మేనకోడలు మాత్రం గడప దగ్గరే ఆగి, "మామూ, ఇప్పుడు జాగా ఉందా?" అని అడిగింది.

దానికి ఎత్తిపొడవడం తెలీదు. మే నెలలో ఇంట్లో విన్న మాట గుర్తుపెట్టుకుని, తెలుసుకుందామని అడిగింది. మేము దాన్ని ఎత్తుకుని లోపలికి తీసుకెళ్ళాము. ముఖం మాత్రం ఎటో తిప్పుకున్నాము.

ఆ రాత్రి ఆ ఇంట్లో పదకొండుమందిమి పడుకున్నాము. మే నెలలో తొమ్మిదిమందికి నిండిపోయిందన్న ఇల్లే. గోడలు జరగలేదు, గది పెరగలేదు. పడమటి గదిలో అమ్మీ, వియ్యపురాలు, చెల్లెలు, దాని ఇద్దరు ఆడపిల్లలు. తూర్పు గదిలో మా ఆవిడ, మా అమ్మాయి, చిన్నవాళ్ళయిన మగపిల్లలు ఇద్దరూ. వసారాలో అల్లుడుగారు, మేము. ఎదురింటి పిన్నిగారు మా గుమ్మంలో చెప్పులు లెక్కబెట్టి, అడగకుండానే మూడు చాపలు, ఒక మడతమంచం పంపించారు. మొహమాటపడితే, "గుంటలొచ్చినప్పుడు కాకపోతే సాపలెందుకురా బాబూ" అన్నారు. మూడు వారాలు అలాగే గడిచాయి. అప్పుడు తెలిసింది, మే నెలలో కరువైంది జాగా కాదని.

ఆ మూడు వారాల్లో, తర్వాతి వేసవుల్లో మేము నేర్చుకున్నవి కొన్ని చెబుతాము. ఎవరికైనా పనికొస్తాయి.

మొదటిది, డబుల్‌కాట్ కోళ్ళ కింద రెండేసి ఇటుకలు పేర్చి ఎత్తు పెంచాము. పెట్టెలు, బియ్యం డబ్బా, పగలు చుట్టిపెట్టిన పరుపులు అన్నీ దాని కిందికి పోయాయి. నేల ఖాళీ అయింది. మంచం కదలకుండా దాన్ని గోడకు ఆనించాము.

రెండవది, డబుల్‌కాట్ మీద పొడుగువారా పడుకునే బదులు అడ్డంగా పడుకోబెడితే నలుగురు చిన్నపిల్లలు పడతారు. గోడ లేనివైపు నేలమీద బొంత పరిచి ఉంచాలి. రాత్రి ఒకడు దొర్లుతాడు, అది ఖాయం.

మూడవది, పిల్లలు పదేళ్ళవాళ్ళయ్యాక పడకలు వేరు చేయాలని మన హదీసు చెబుతోంది. చిన్న ఇల్లని దీన్ని తీసిపారేయకూడదు. గదిలో ఈ మూల నుంచి ఆ మూలకు తాడు కట్టి దుప్పటి వేలాడదీస్తే రెండు గదులవుతాయి. ఎదిగే ఆడపిల్లకు ఆ దుప్పటి చాటు ఎంత నిశ్చింతో ఆమె నోరు విప్పి చెప్పదు. మనమే గ్రహించాలి.

నాలుగవది, పసిపిల్లల సంగతి. నెలల బిడ్డను మెత్తటి స్పాంజి పరుపు మీద, దిండ్ల మధ్య, ఇద్దరు పెద్దవాళ్ళ నడుమ పడుకోబెట్టవద్దు. ఊపిరాడక ప్రమాదం జరుగుతుంది. గట్టి చాప మీద పొందూరు పాత పంచె మడత పరిచి, వెల్లకిలా పడుకోబెట్టి, పైన దోమల గొడుగు పెడితే చాలు. చీమలు ఎక్కకుండా మంచం కోళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెట్టే అలవాటు మనకుంది. ఆ నీళ్ళు రోజూ మార్చండి. వారం నిలవ ఉంటే డెంగీ దోమలు మన చేతులతో మనమే పెంచినట్టు.

ఐదవది, మేడ మీద చల్లగా ఉంటుందని పిట్టగోడ లేని చోట పిల్లల్ని పడుకోబెట్టవద్దు. నిద్రలో లేచి నడిచే పిల్లలు ఉంటారు.

ఆఖరుది, పక్క తడిపే పిల్లవాడు ప్రతి ఇంట్లో ఒకడు ఉంటాడు. వాడి చాప కింద రబ్బరు గుడ్డ వేయండి. తెల్లారి అందరి ముందూ ఆ మాట ఎత్తకండి. నానీ ఇంట్లో జరిగిన అవమానం వాడు పెద్దయ్యాక కూడా మరచిపోడు.

ఇక సంఘం పెద్దలకు ఒక మనవి. మన సంఘానికి పెళ్ళిళ్ళకిచ్చే దేగ్‌లు ఉన్నాయి, షామియానా ఉంది, జంపఖానాలు ఉన్నాయి. ఎవరింట్లోనూ ఏడాదంతా అవసరపడని వస్తువును అందరం కలిసి కొని, అవసరమున్న నాడు వాడుకోవడమే కదా దీని ఉద్దేశం. మనుమల పడకలు కూడా అటువంటివే. పది మడతమంచాలు, ఇరవై చాపలు, పది దోమతెరలు సంఘం గదిలో ఉంచుదాము. ఏప్రిల్ మొదటివారంలో అవసరమైనవారు పుస్తకంలో పేరు రాయించుకోవాలి. అద్దె వద్దు. తిరిగి ఇచ్చేటప్పుడు కడిగి, ఎండబెట్టి ఇవ్వాలి. ఇంట్లో పురుడు వచ్చినా, మరణం వచ్చినా, ఆసుపత్రిలో రోగికి తోడు వచ్చినవాళ్ళు దిగినా అవే మంచాలు. అడిగినవారు ఏ మతమని చూడవద్దు. మా ఇంటికి చాపలు పంపిన పిన్నిగారు చూడలేదు. మొదటి రెండు మంచాలు మా ఇంటి తరఫున ఇస్తున్నాము.

కూతురు పుట్టింటికి ఆస్తి అడగడానికి రాదు. ఎక్కడ పుట్టిందో పిల్లలకు చూపించుకోవడానికి వస్తుంది. నానీ పక్కన పడుకుని ఒక కథ వినడానికి ఆ పిల్లలు ఏడువందల కిలోమీటర్లు రైలెక్కి వస్తారు. వాళ్ళకు మూడడుగుల చాప చాలు. ఆ చాప వాళ్ళు రాకముందే పరిచి ఉంటే మరీ మంచిది.

అమ్మీకి ఇప్పుడు మోకాళ్ళ నొప్పులు. నేలమీద పడుకోలేదు. అయినా మే నెల వస్తే తన మంచం పిల్లలకిమ్మని పోట్లాడుతుంది. కాశీబుగ్గకు ఫోను ఇప్పుడు మేము చేయడం లేదు, అమ్మీయే చేస్తుంది. "ఎప్పుడొస్తారు?" అని ఒక్కటే అడుగుతుంది. ఆ రోజు గడప దగ్గర ఆగిన పిల్ల ఇప్పుడు హైస్కూలు చదువుతోంది. మా ఇంటికి వస్తే ఎవర్నీ అడగదు. తిన్నగా లోపలికెళ్ళి, డబుల్‌కాట్ కింద నుంచి తన చాప తనే లాక్కుని పరుచుకుంటుంది.