ఖాళీ అయిన ఇన్‌బాక్సులు, ఆదుకున్న టేపులు

2011 ఫిబ్రవరి చివర్లో కొందరు జీమెయిల్ తెరిస్తే ఇన్‌బాక్సు ఖాళీ! నిల్వ సాఫ్ట్‌వేర్‌లో చేసిన మార్పుతో దూరిన లోపం, వేర్వేరు డేటా సెంటర్లలో దాచిన నకళ్లను సైతం దెబ్బతీసింది. బాధితులు 0.02 శాతమేనని గూగుల్ చెప్పింది. ఆ కొద్దిమందిలో మనమే ఉంటే శాతంతో పనేముంది? చివరికి ఆదుకున్నవి మాగ్నెటిక్ టేపులు. ఆన్‌లైన్‌లో లేవు కనుక లోపం వాటిని తాకలేదు. వాటి నుంచి తోడుకోవడానికి మాత్రం గంటలు, రోజులు పట్టింది.

అమెరికాలో మనవాళ్ల వీసా కాగితాలు, ట్యాక్సు పత్రాలు మెయిల్లోనే కదా ఉండేది. మనమే చెరిపేసినవైతే ట్రాష్‌లో 30 రోజులు ఉంటాయి. ముందు అక్కడ వెతకండి. నకలు కావాలంటే గూగుల్ టేకౌట్ మెయిళ్లన్నిటినీ ఎంబాక్స్ ఫైలుగా ఇస్తుంది, ఉచితంగానే.

కంప్యూటర్లో థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రాము వాడేవాళ్లకు ఒక మాట. ఐమ్యాప్ పద్ధతిలో సర్వర్లో పోయినది మీ కంప్యూటర్లోనూ పోతుంది. అది అద్దమే, బ్యాకప్ కాదు. ముఖ్యమైనవాటిని లోకల్ ఫోల్డర్లలోకి కాపీ చేయండి. ఆ ఫోల్డర్లను విడి హార్డ్‌డిస్కులోకి ఎక్కించి, పనయ్యాక కేబుల్ పీకేయండి. ఇంకో సంగతి, రెండేళ్లు ముట్టని ఖాతాలను గూగుల్ తొలగించవచ్చు. అమ్మానాన్నల పాత ఖాతా ఉంటే ఓసారి తెరిచి చూడండి.