మస్ఖదోవు వధ: ఉభయవాదములు



2005వ సంవత్సరము మార్చి 8వ తేదీన రష్యా బలగములు గ్రోజ్నీ నగరమునకు చేరువనున్న తొల్‌స్తోయ్ యుర్తు గ్రామమున చెచెను స్వాతంత్ర్యవాదుల నాయకుడగు అస్లాన్ మస్ఖదోవును మట్టుపెట్టినవి. ఇరువది యేండ్లు గడచినను ఆ చావును గూర్చిన వాదము చల్లారలేదు. మాస్కో ప్రభుత్వము దానిని విజయముగా చాటుకొనెను. పోలండు విదేశాంగశాఖ అది రాజకీయముగా పొరపాటని బాహాటముగా పలికి రష్యా యాగ్రహమునకు గురియయ్యెను. న్యాయవాదవృత్తిలో నున్న మాకు ఉభయపక్షములను వినక తీర్పుచెప్పుట తగదు.

మొదట ప్రభుత్వపక్షమును విందము. మస్ఖదోవు 1997 జనవరిలో ప్రజలచే నెన్నుకొనబడిన యధ్యక్షుడే. కాని యాతని యేలుబడిలో మనుష్యుల నెత్తుకొనిపోయి ధనము గుంజుట పరిపాటియైనది. 1999 ఆగస్టులో బసాయెవు దాగెస్తానుపై దండెత్తగా, దానిని గర్హించెనే కాని యాపలేకపోయెను. పైగా 2002లో ఆ బసాయెవునకే తన సైనికవ్యవస్థలో ఉన్నతస్థానము నొసగెను. 2004 సెప్టెంబరులో బెస్లాను పాఠశాల ముట్టడిలో 330 మందికి పైగా మడిసిరి. వారిలో 186 మంది పిల్లలు. ఆ ఘాతుకమును తానే చేయించితినని బసాయెవు ఒప్పుకొనెను. బిడ్డలను పోగొట్టుకొన్న తల్లుల యెదుట నిలిచి యీ వాదమును తేలికగా త్రోసిపుచ్చగలవా రెవ్వరు?

ఇక రెండవపక్షము. మస్ఖదోవు సోవియటు సైన్యములో ఫిరంగిదళమున కర్నలుగా పనిచేసినవాడు. 1996 ఆగస్టులో ఖసవ్యుర్తున జనరల్ లెబెదుతో యుద్ధవిరామపత్రముపై చేవ్రాలు చేసినవాడాతడే. 1997 మే 12న క్రెమ్లినులో యెల్త్సినుతో, ఇకమీదట బలప్రయోగము చేయబోమను సంధి నొనర్చుకొన్నవాడును ఆతడే. బెస్లాను దారుణమును ఆతడు ఖండించెను. చనిపోవుటకు నెలదినముల ముందు తనంతట తానే కాల్పుల విరమణ ప్రకటించి, సంప్రతింపులకు రమ్మని కోరెను.

చచ్చినవాని కండ్లు చారెడన్న సామెత మే మెరుగుదుము. ఆతనికి లేని మహిమ నంటగట్టబోము. ఆతనిపై మోపబడిన నేరములు తీవ్రములు. తీవ్రములగుటచేతనే అవి న్యాయస్థానమున ఋజువు కావలసియుండెను. మృతుని ప్రశ్నించు వకీలు లేడు. మృతుడు చెప్పుకొను సంజాయిషీయు లేదు. ఆతడు సైనికుల చేతనే మరణించెనా, లేక తన యనుచరుని గుండుచే మరణించెనా యన్న విషయమునను కథనములు భిన్నములు. ఉగ్రవాదుల శవముల నప్పగింపరాదను శాసనమును జూపి భౌతికకాయమును కుటుంబమున కీయలేదు. ఖననస్థలమును సయితము తెలుపలేదు. ఇది కుటుంబముయొక్క హక్కునకు భంగకరమని స్ట్రాస్‌బర్గులోని యూరపు మానవహక్కుల న్యాయస్థానము 2013లో తీర్పునిచ్చినది.

పిదప జరిగినదేమి? వారసుడైన సదులాయెవు 2006 జూనులో హతుడయ్యెను; మరునెలలో బసాయెవు మరణించెను. 2007 అక్టోబరులో ఉమరోవు చెచెను గణతంత్రమునే రద్దుపరచి, కాకససు ప్రాంతమంతటికిని మతరాజ్యమును ప్రకటించెను. ఎన్నికలు, సంధి, సరిహద్దు అను మాటలు ఆ పోరునుండి తొలగిపోయినవి. 2009 ఏప్రిలులో మాస్కో చెచెన్యాలోని ప్రత్యేకనిరోధపాలన నెత్తివేసి, యుద్ధము ముగిసెనని తలచెను. మరుసటి యేడు మార్చి 29న మాస్కో భూగర్భరైళ్లలో రెండు ప్రేలుళ్లు సంభవించి సుమారు 40 మంది చనిపోయిరి. వానిని తానే చేయించితినని ఉమరోవు చాటెను.

కావున మా యభిప్రాయ మిది: మస్ఖదోవు నేరస్థుడైనచో విచారింపదగినవాడు, నాయకుడైనచో సంప్రతింపదగినవాడు. ఆతని చంపుటవలన ఆ రెండు త్రోవలును ఒక్కమారే మూసుకొనిపోయినవి. ఏ దేశముననైనను ఇట్టి మరణవార్త వచ్చినప్పుడు, జయధ్వానము చేయుటకుగాని శోకించుటకుగాని ముందు, రేపు సంధిపత్రముపై చేవ్రాలు చేయుట కెవ్వరు మిగిలిరో విచారింపుడని మా మనవి.