పిల్లల చేతికి ఏ రంగు?

  బడుల గురించి మాట్లాడమని అడిగారు. ఈరోజు హౌస్‌ల గురించి మాట్లాడతాం.

మన పిల్లలు చదివే చాలా బళ్లలో ఎర్ర హౌస్, నీలం హౌస్, పచ్చ హౌస్, పసుపు హౌస్ ఉంటాయి. స్పోర్ట్స్ డే నాడు రంగు టీషర్టులు వేసుకుంటారు, పాయింట్లు లెక్కపెడతారు, షీల్డు ఇస్తారు. మర్నాటికి అందరూ మరిచిపోతారు. ఈ పద్ధతి పుట్టింది ఇందుకు కాదు.

ఇంగ్లండు హాస్టలు బళ్లలో హౌస్ అంటే నిజంగా ఇల్లే. పదమూడేళ్ల కుర్రాడూ పద్దెనిమిదేళ్ల కుర్రాడూ ఒకే కప్పు కింద, ఒకే మాస్టారి సంరక్షణలో ఉండేవారు. తర్వాత రోజూ ఇంటికెళ్లే పిల్లల బళ్లు కూడా హౌస్‌లు పెట్టుకున్నాయి. అక్కడి కొన్ని హైస్కూళ్లు ఇంకో అడుగు వేశాయి. పదకొండేళ్ల వారి నుంచి పదహారేళ్ల వారి దాకా కలిపి, సుమారు ఇరవై మంది చొప్పున ట్యూటర్ గ్రూపులు చేశాయి. పాఠాలు ఎవరి తరగతిలో వారికే. రోజూ పావుగంటో ఇరవై నిమిషాలో మాత్రం ఆ గ్రూపు ఒక టీచరు దగ్గర కూర్చుంటుంది. ఏటా పెద్దవాళ్లు కొందరు వెళ్లిపోతారు, చిన్నవాళ్లు కొందరు వస్తారు. గ్రూపు మాత్రం అలాగే ఉంటుంది.

మన దేశంలో నవోదయ విద్యాలయాలు చూడండి. యానాంలోనూ ఒకటి ఉంది. ఆరో తరగతి నుంచి పన్నెండు దాకా హాస్టల్లో ఉండి చదువుతారు. కనీసం 75 శాతం సీట్లు పల్లె పిల్లలకే. అక్కడి హౌస్‌ల పేర్లు ఆరావళి, నీలగిరి, శివాలిక్, ఉదయగిరి. అన్నీ కొండలే. ఏ కులమూ నాదని చెప్పుకోలేని పేర్లు.

ఇది మనకెందుకు? మన బిడ్డ ఇంట్లో తెలుగు మాట్లాడతాడు. బడిలో కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీనో. ఆరో తరగతిలో పెద్ద బడికి వెళ్తాడు. ఒక్కో పీరియడుకు ఒక్కో టీచరు వస్తారు, పోతారు. వాడు వారం రోజులు రాకపోతే ఎవరు గమనిస్తారు? తొమ్మిదిలో మానేస్తే ఎవరు అడుగుతారు? నిర్గమకాండము 18లో యిత్రో తన అల్లుడు మోషేకు ఇచ్చిన సలహా మనకు తెలుసు. అంత జనాన్ని ఒక్కడు చూసుకోలేడు, పదిమందికి ఒకరిని నియమించమన్నాడు. వెయ్యిమంది ఉన్న బడికీ ఆ సలహా పనికొస్తుంది.

అయితే పెద్దా చిన్నా కలిపి కూర్చోబెడితే చాలదు. ఇంగ్లండు హౌస్‌లలో చిన్నవాళ్లు పెద్దవాళ్ల బూట్లు తుడవడం, పనులు చేసిపెట్టడం చాలాకాలం నడిచింది. పెద్దవాడి చేతికి అధికారం ఇచ్చి వదిలేస్తే జరిగేది అదే. యోహాను 13లో బోధకుడే శిష్యుల పాదాలు కడిగాడు. మన గ్రూపుల్లో అన్నలూ అక్కలూ ఎలా ఉండాలో అక్కడ చూసి నేర్పాలి.

రంగుల సంగతి మరీ బాధాకరం. 2023 ఆగస్టులో తమిళనాడులోని నాంగునేరిలో ఒక దళిత విద్యార్థిని, అతని చెల్లెలిని ఇంట్లోకి చొరబడి కొడవళ్లతో నరికారు. నరికినవాళ్లు అదే బడి కుర్రాళ్లు. దాని తర్వాత ప్రభుత్వం జస్టిస్ చంద్రు కమిటీని వేసింది. 2024 జూన్‌లో ఇచ్చిన నివేదికలో, కులాన్ని చూపించే రంగు దారాలు, ఉంగరాలు బడిలో నిషేధించాలని, పిల్లల్ని అక్షర క్రమంలో కూర్చోబెట్టాలని ఆ కమిటీ సిఫారసు చేసింది. అంటే బడి రంగు ఇవ్వకముందే ఊరు ఒక రంగు కట్టి పంపుతోంది. ఆ దారం తీసేయించడం అవసరమే. తీసేశాక ఆ బిడ్డ ఎవరి పక్కన కూర్చోవాలి అన్నది కూడా మనమే ఆలోచించాలి.

అందుకే మన సంఘాలు నడిపే బళ్లకు మా మనవి ఇది. జూన్‌లో బడి తెరిచినప్పుడు ఆరు నుంచి పది దాకా ప్రతి తరగతి పిల్లల పేర్లూ చీట్లు వేసి గ్రూపులు చేయండి. మావాడిని ఫలానావాళ్లతో వేయండి అని ఏ తండ్రి వచ్చినా ఒప్పుకోకండి. పెద్దపిల్లలకు కొట్టే అధికారం, పనులు చేయించుకునే అధికారం ఇవ్వొద్దు. ఒకే టీచరును ఐదేళ్లూ ఉంచే ప్రయత్నం చేయండి. పిల్లవాడు రెండు రోజులు రాకపోతే ఆ టీచరు ఇంటికి కబురు చేయాలి.

పదో తరగతి పిల్లల టైము పాడవుతుందని కొందరు అంటారు. చిన్నవాడికి లెక్క చెప్పిన పిల్లకు ఆ లెక్క ఇంకా బాగా వస్తుంది. దీంతో కులం పోతుందా అని ఇంకొందరు అడుగుతారు. ఒక్క దీంతో పోదు. కానీ పుట్టుకతో రాని అన్న ఒకడు, అక్క ఒకతె ప్రతి బిడ్డకూ దొరుకుతారు. బడి మానేద్దామనుకున్న రోజున ఆ బిడ్డ వెళ్లి చెప్పుకోవడానికి ఒక మనిషి ఉంటారు.

బళ్లు మన చేతిలో లేని ఊళ్లలో సండేస్కూలు మన చేతిలోనే ఉంది. వచ్చే ఆదివారం అక్కడ మొదలుపెడదాం. దేవుడు మిమ్మల్ని దీవించును గాక.