తొమ్మిదో అంతస్తు వేడి – ఎవరి ఖర్చు?

(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



బహుళ అంతస్తుల ఇళ్ళలో వేడినీ, కరెంటు ఖర్చునీ తగ్గించే మరమ్మతులు గిట్టుబాటవుతాయా అన్న విషయంపై మాట్లాడమని కార్యదర్శి గారు ఆదేశించారు. ముప్పైరెండేళ్ళు లెక్కలు రాసినవాణ్ణి. ఉపన్యాసం నాకు రాదు, లెక్కే చెబుతాను.

హైదరాబాదులో మేముంటున్నది తొమ్మిది అంతస్తుల భవనం. అంతస్తుకు నాలుగు చొప్పున 36 ఫ్లాట్లు. పై అంతస్తులో ఫ్యామిలీ పెన్షన్ మీద ఒంటరిగా ఉంటున్న ఒక సోదరి, 2024 వేసవిలో మధ్యాహ్నాలు లిఫ్టు ముందు కుర్చీ వేసుకుని కూర్చునేవారు. ఏ.సి. ఉంది, బిల్లుకు జడిసి వేయరు. "పగలు సరే అన్నయ్యగారూ, రాత్రి పన్నెండైనా శ్లాబు చల్లారదు" అన్నారు. నిజమే. పగలంతా తాగిన ఎండను కాంక్రీటు రాత్రి గదిలోకి వదులుతుంది.

అప్పుడే ఒక కంపెనీ ప్రతినిధి వచ్చి, కిటికీలన్నిటికీ రెండు పొరల అద్దాలు వేయించమన్నాడు. ఫ్లాటుకు లక్ష పైమాటే. చలిదేశాల్లో ఇంటి లోపలికీ బయటికీ పాతిక, ముప్పై డిగ్రీల తేడా నెలల తరబడి ఉంటుంది కనుక అక్కడ అది గిట్టుతుంది. మనకు మే నెలలో ఏ.సి. వేసుకున్నా ఆ తేడా పదిహేను దగ్గరే. మనల్ని బాధించేది ముఖ్యంగా నేరుగా పడే ఎండ. మామూలు అద్దం రెండు పొరలు వేసినా ఎండను చాలామటుకు లోపలికి రానిస్తుంది. అద్దం దాటాక లోపల ఎంత మందపు కర్టెన్ కట్టినా, వేడి అప్పటికే గదిలో ఉన్నట్టే. అదే పడమటి కిటికీకి బయట వెదురు తెర కడితే ఎండ అద్దాన్నే తాకదు. ఖర్చు వేలల్లో కాదు, వందల్లో. పై అంతస్తుల్లో గాలి జోరు ఎక్కువ. కింది అంచును కూడా గట్టిగా బిగించాలి. మా ఏడో అంతస్తు తెర ఒకటి ఎగిరి కార్ల మీద పడింది, అదృష్టవశాత్తూ మనుషులెవరూ లేరు.

ఇక ఫ్యాన్లు. పాత ఫ్యాను సుమారు 75 వాట్లు తీసుకుంటుంది, బి.ఎల్.డి.సి. ఫ్యాను 30 వాట్లు. రోజుకు 12 గంటలు, ఏడాదికి 300 రోజులు తిరిగితే 162 యూనిట్లు మిగులు. యూనిట్ 6 రూపాయలనుకుంటే 972 రూపాయలు. మూడు వేల ఫ్యాను సొమ్ము మూడేళ్ళలో చేతికొస్తుంది. బిల్లు శ్లాబుల్లో ఉంటుంది కనుక తగ్గే యూనిట్లు పై రేటువే. ఎక్కువ వాడేవారికి ఇంకా ముందే వస్తుంది. ఎవరూ వెళ్ళని గదిలో మాత్రం మార్చనక్కరలేదు.

చివరికి మిద్దె. అసలు తగవు ఇక్కడే. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం ప్రకటించింది. మిద్దె మీద ఎండను తిప్పికొట్టే తెల్లపూత వేస్తే కింది గదిలో 2 నుంచి 5 డిగ్రీల వరకు తగ్గవచ్చు. సున్నం చవకే గాని వానలకు కొట్టుకుపోతుంది. నిలిచే పూతకు చదరపు అడుగుకు 25 రూపాయలు చెప్పారు. మా మిద్దె 5,000 అడుగులు, మొత్తం 1,25,000. పై నాలుగు ఫ్లాట్లే భరిస్తే ఒక్కొక్కరికి 31,250. అందరూ పంచుకుంటే 3,500 లోపే.

"చల్లదనం వాళ్ళకు, చందా మాకా?" అన్నారు కింది అంతస్తులవారు. ఆ మాటలో న్యాయం లేదనను. భవనం ఎత్తు పెరిగేకొద్దీ మిద్దె వల్ల మేలు పొందేవారి వంతు తగ్గుతుంది. మాలో తొమ్మిదింట ఒక వంతే. కాని 1987 నాటి అపార్ట్‌మెంట్ల చట్టం ప్రకారం మిద్దె అందరి ఉమ్మడి ఆస్తి. ఎండకు శ్లాబు బీటలువారి నీరు దిగితే బాగుచేయించేది ఉమ్మడి నిధి నుంచే. లిఫ్టు కరెంటుకు గ్రౌండ్ ఫ్లోరువారు ఇన్నేళ్ళూ వాటా కట్టలేదా? ఇదే మాట మీటింగులో అడిగాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

పూత వేయించి ఊరుకుంటే చాలదు. దుమ్ము పేరుకుంటే పని చేయదు. ఏటా ఫిబ్రవరిలో కడగాలి. ఆ పనికి వాచ్‌మన్‌కు విడిగా డబ్బివ్వాలని రాసుకున్నాం.

ఇప్పటికి 34 ఫ్లాట్లవారు చెల్లించారు. ఆ సోదరి అందరికంటే ముందు తన వాటా తెచ్చిచ్చారు. ఇంకా ఇద్దరు ఇవ్వవలసి ఉంది. వారిలో ఒకరు ఈ సభలోనే ఉన్నారు, పేరు చెప్పను. భోజనాల దగ్గర కనిపించమని మాత్రం మనవి.