మన కుట్టు గురించి మనమే చెబుదాం



మిషన్ మీద అచ్చేసిన బట్టలకు ‘బంజారా’ అని పేరు పెట్టి ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. మన యాడీలు రోజుల తరబడి చేత్తో కుట్టిన అద్దాల పని మాత్రం తండా దాటడం లేదు. ఆ తేడా కొనేవాళ్లకు చెప్పాల్సింది మనమే. అందుకే సొంత వెబ్‌సైట్ పెట్టమంటున్నాను.

మొదట ఒక్క పేజీ చాలు. పగటి వెలుతురులో తీసిన ఐదు ఫొటోలు, కొలతలు, ధర, కుట్టడానికి పట్టిన రోజులు, వాట్సాప్ నంబరు పెట్టండి. కుట్టినవారు ఒప్పుకుంటే వారి పేరు కూడా రాయండి. డొమైన్ మీ పేరు మీదే కొనండి, ఏటా రెన్యువల్ మరవకండి.

తర్వాత సిగ్నల్ సరిగా లేని చోట, మామూలు ఫోన్‌లో తెరిచి చూడండి. ఆలస్యమైతే ఫొటోల సైజు తగ్గించండి. ముగ్గురు ఒకే ప్రశ్న అడిగారంటే, జవాబు పేజీలో లేదన్నమాట. ఆ రాత్రే చేర్చండి.

పెద్ద చదువులు లేవని జంకకండి. మన జహీరాబాద్ పక్కనే మాచ్‌నూర్‌లో 2008లో మొదలైన సంఘం రేడియోను నడిపింది పల్లెటూరి దళిత మహిళలే. వాళ్ల మాట వాళ్లే చెప్పుకున్నారు. మన కుట్టు గురించి మనమే చెబుదాం.